ఓబులక్కకు నేను తీర్చిన ముయ్యి

మెడలో స్టాప్‌వాచీ, ఒళ్లో ల్యాప్‌టాప్ ఉన్న ఆ వయసులో నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. అనంతపురంలో మా నాయన కిరాణా కొట్టు నీడ దాటకుండా ఇంజనీరింగు గట్టెక్కి, కణేకల్ దారిలోని ఒక చొక్కాల ఫ్యాక్టరీలో మూడు నెలల ట్రయల్ మీద చేరాను. ఆఖరి వారంలో మేనేజరు (మేమంతా చాటుగా టార్గెట్ సారు అనేవాళ్లం) పిలిచి చెప్పాడు. "శనివారానికి మూడో లైన్లో చొక్కాలు పెరగల్ల. పెరిగితే నీ ఉద్యోగం పర్మనెంటు. లేకుంటే మీ నాయన కొట్టు ఉండనే ఉండాది."

మూడో లైన్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని ఒకరు కాలరు, ఒకరు చేతులు, ఒకరు గుండీలు కుట్టి చొక్కాను ముందుకు పంపేవాళ్లు. ఏ పనికి ఎంతసేపు పడుతోందో కొలిచి లైనంతా కంప్యూటర్లో కట్టాను. మనుషులు పసుపు చుక్కలు, చొక్కాలు నీలం గళ్లు. ఏ మిషను ఎక్కడుంటే ఎన్ని చొక్కాలొస్తాయో, కుర్చీ కూడా జరపకుండా అది ముందే చూపించేది. (ఆ చుక్కల్ని చూస్తూ అన్నం మరిచిపోయిన రోజులున్నాయి.) అందులో ఒక్క చుక్క మాత్రం నా కంట్లో నలుసైంది. అది గుండీలు కుట్టే ఓబులక్క. మాటిమాటికీ లేచి కాలరు మిషను దగ్గర తేలేది. ఆ తిరుగుడు తీసేసి చూస్తే తెరమీద చొక్కాలు బోలెడు పెరిగాయి. ఇంకేం, గురువారం పొద్దున్నే ఆమె మిషను లైను చివరికి జరిపించి, సీటు వదలొద్దని చెప్పాను.

మధ్యాహ్నానికి కాలరు కుట్టే పిల్ల పక్కన చొక్కాలు నడుమెత్తు పేరుకున్నాయి. ఓబులక్క చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏమక్కా, ఊరికే కూర్చున్నావు?"

"నువ్వే కదప్పా లేయొద్దంటివి. దానికే కూచోనుండా."

టార్గెట్ సారు ఆ కుప్పనూ నన్నూ మార్చి మార్చి చూసి, "మీ నాయన కొట్టు యాడుండాది?" అని మెల్లగా అడిగాడు. నేను ల్యాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాను. అది చూసి జాలిపడిందేమో, ఓబులక్కే విడమరిచి చెప్పింది. "కాలరు పని బరువప్పా. ఆ పాప ఒక్కతే యాడ చేస్తాది? నా గుండీలు బిరీన అయిపోతాయి, పోయి నాలుగు కాలర్లు కుట్టొస్తా. సాయంత్రం నాకు పని నిలిచిపోతే ఆ పాప వస్తాది. చేన్లో ముయ్యి మాదిరే." (ఈరోజు నీ చేనికి నేను, రేపు నా చేనికి నువ్వు అని కూలి లేకుండా చేసుకునే పనే ముయ్యి. కొట్లో పెరిగిన నాకు అది కొత్త.) అంటే నేను కొలిచిన కాలరు వేగం ఒక మనిషిది కాదు, ఇద్దరిది.

ఆ సాయంత్రమే గుండీల మిషనును కాలరు పక్కకు తెచ్చి, కంప్యూటర్లో చుక్కలకు లేచి పక్క మిషనుకు పోయే అనుమతి ఇచ్చి, ఆ నియమానికి ముయ్యి అని పేరు పెట్టాను. శనివారం నాటికి చొక్కాలు నిజంగానే పెరిగాయి. టార్గెట్ సారు తెరమీది పేరు చూసి, "ఇదేందప్పా, జపాను పద్ధతా?" అన్నాడు. దాదాపు అంతే సార్ అన్నాను. ఉద్యోగం నిలిచింది.

ఓబులక్క ఊరుకుంటుందా. "నీ పని మేం చేసిస్తిమి. రేపు మా చేన్లో చెనక్కాయ పెరికేది ఉండాది. వచ్చి ముయ్యి తీర్చిపో." పోయాను. పది చెట్లు పెరికేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. నా స్టాప్‌వాచీ ఆమె మెడలో ఉంది. గట్టుమీద నిలబడి, "ఎంతసేపైందో చెప్పేదా, వద్దులే, ఏడుస్తావు" అంది. నడుము పట్టేసి కాసేపటికి తలెత్తితే, నా సాలులో ముందున్న చెట్లన్నీ అప్పటికే పెరికేసి ఉన్నాయి. అటు కాలరు పిల్ల, ఇటు ఇంకొకామె తమ సాళ్లతోపాటు నాదీ పెరుకుతూ, నావైపు చూడకుండానే ముందుకు పోతున్నారు.

ఇప్పుడు పెద్ద పెద్ద ఫ్యాక్టరీలకు లైన్లు కట్టిస్తున్నాను. తెరమీద ఏ చుక్క దగ్గరైనా కుప్ప పెరిగితే, పక్కనుంచి ఎవరు లేచి వస్తారా అని చూస్తాను. బొబ్బల చేతులతో చేన్లో వెనకబడిపోయిన ఆ చుక్క గుర్తొచ్చి, ఒక్కణ్ణే నవ్వుకుంటాను.