నాలుగు వేళ్ళంటే ఎవరి వేళ్ళు

మా అమ్మాయి రాజాంలో ఇంజనీరింగు చదువుతున్నప్పటి మాట ఇది. విజయనగరంలో కాలేజీల మధ్య పోటీ పెట్టారు. చేసిన వస్తువు పనికీ రావాలి, చూడ్డానికీ బాగుండాలి. మా పిల్ల కన్ను నా గొడుగు మీద పడింది.

నేను రోడ్డు పక్కన చేపలమ్ముతాను. సముద్రపు గాలికి గొడుగు నిలవదు, తిరగబడి ఊచలు విరుగుతాయి.

"గాలిని ఆపితే ఇరుగుతాదమ్మా. దాన్ని పోనివ్వాల," అంది.

ఇనప చట్రానికి వల కట్టి, వల మీద చేప పొలుసుల్లా రంగు గుడ్డముక్కలు వరసలుగా వేలాడదీస్తుందట. గాలొస్తే పొలుసులు లేస్తాయి, తగ్గితే పడతాయి, నీడ పోదు. కాగితం మీద గీసింది చూసి, పోటీలో మార్కులేసే పెద్దమనిషి ఒకాయన "పెళ్ళి పందిరికి బాగుంటుందమ్మా, గాలికి కాదు" అన్నాడట. ఆ రోజు పిల్ల అన్నం సరిగ్గా తినలేదు.

"విజయనగరంలో ఫ్యానెదురుగా నిలబెట్టి సూపిస్తాను," అంది.

వల అల్లడం నా వంతు. కన్ను ఎంత వెయ్యమంటావే అంటే "నాలుగేళ్ళు" అంది. మా ఇళ్ళలో వలకన్నుకి, అదే వల రంధ్రానికి, వేళ్ళే కొలత. మూడు రోజులు కూర్చుని అల్లాను. తీరా చట్రానికి తగిలిస్తే పాత ఉయ్యాలలా కిందికి జారిపోయింది.

"ఇదేటే అమ్మా! నాలుగేళ్ళన్నాను కదా!"

"నాలుగేళ్ళే ఏసినాను. సూడు."

కన్నులో నా వేళ్ళు పెట్టి చూపించాను, సరిగ్గా పట్టాయి. అది తన వేళ్ళు పెట్టింది. నాలుగూ దూరాక ఇంకోటికి చోటు మిగిలింది. తాళ్ళు లాగి, చేపలు కోసి లావెక్కిన చెయ్యి నాది. కలం పట్టిన చెయ్యి దానిది. తన వేళ్ళని స్కేలుతో కొలిచి చట్రానికి ఇన్ని కన్నులని లెక్క కట్టి చెప్పింది, నేనేమో అన్నీ నా వేళ్ళతో అల్లేశాను.

గుమ్మంలో కూర్చున్న మా ఆయన నవ్వాడు. "తల్లీకూతుళ్ళిద్దరూ సేతులు మార్సుకోండే, సరిపోతాది."

"సట్రం పెద్దది సెయ్యలేవేటే?" అనడిగాను.

"వెల్డింగు అయిపోనాది. ఇంక నాలుగు రోజులే ఉన్నాది. ఒగ్గేద్దామమ్మా."

"ఒగ్గీడానికా మూడు రోజులు కూకున్నాను? నీ సెయ్యి ఇలా తే!"

దాని నాలుగు వేళ్ళ వెడల్పుకి వెదురు చెక్క ఒకటి కోశాను. నైలాను ముడి విప్పితే దారం నలిగిపోతుంది, అందుకని కొత్త దారం తీశాం. నవ్విన మనిషే పక్కన కూర్చుని సూదులకి దారం చుట్టి ఇచ్చాడు. పొద్దున్న చేపలు, మధ్యాహ్నం నుంచి వల. ప్రతి ముడీ ఆ చెక్క మీదుగా లాగాను. నా వేళ్ళు పాత అలవాటుకి పోబోయేవి, చెక్క పోనిచ్చేది కాదు.

విజయనగరం నేనూ వెళ్ళాను. మనిషంత ఫ్యాను పెట్టారు. పందిరి మాటన్న పెద్దమనిషే మీట తిప్పాడు. పసుపు, నీలం పొలుసులన్నీ ఒక్కసారి లేచాయి. నేను చట్రం కాళ్ళకేసే చూస్తున్నాను. కదల్లేదు. ఆయన మీట చివరికంటా తిప్పేశాడు. ఒక పొలుసు ఊడి వెళ్ళి ఆయన కాగితాల మీదే పడింది. అందరూ నవ్వారు. మా పిల్ల మాత్రం నవ్వలేదు.

"కింద నీడ చూడండి సార్," అంది.

నీడ అలాగే ఉంది. ఆయన వంగి చూశాడు, వల పట్టుకుని చూశాడు. "కన్నులన్నీ ఒక్కలా ఉన్నాయే, మెషీనా?" అన్నాడు.

"మా అమ్మ సార్," అని వెదురు చెక్క తీసి చూపించింది.

రెండో బహుమతి వచ్చింది. బస్సులో దారంతా పిల్ల సణుగుడే. "ఆ ఒక్క పొలుసూ ఊడకపోతేనా..."

"ఆ ముడి నాదేలే. ఇంటికెల్లి బిగిస్తాను," అన్నాను.

బిగించాను, రెండేసి ముడులు. ఇప్పుడు దాని కిందే కూర్చుని అమ్ముతున్నాను. మొన్నటి గాలికి పక్క బడ్డీ రేకు లేచిపోయింది గానీ, మా పిల్ల పొలుసు ఒక్కటీ ఊడలేదు.