బొటనవేలి మీద దారం

సదార్ చేతులు నిద్రలో కూడా ఏదో అల్లుతుంటాయని భార్య రోస్నా నవ్వేది. సముద్రంలో గుంజల మీద నిలబడ్డ ఆ ఊళ్ళో ఇళ్ళ కింద నీళ్ళకైనా ఓ పూట నిలకడ ఉండేది, అతనికి ఉండేది కాదు. చిరగని వలనూ కుట్టేవాడు. తెడ్డు చెక్కి చెక్కి ఓసారి గరిటె చేశాడు.

ఆ చేతులే అతని కొంప ముంచేవి. రాతిసందుల్లో కాపురముండే పెద్ద చేప ఎర ముట్టగానే గుంజేసేవాడు. గాలం దవడ మూలకు చేరకముందే నోట్లోంచి జారి వచ్చేసేది. నాలుగేళ్ళలో ఒక్కటీ దక్కలేదు.

మామ జఫారుకు సముద్రం అడుగున ఒక రాతిదిబ్బ తెలుసు. ఒడ్డున రెండు గుర్తులు ఒక వరసలోకి వచ్చేచోట ఉంటుంది. ఆ దిబ్బ మీద పెద్ద చేపను పైకి తెచ్చినవాడికే గుర్తులు చెప్పడం వాళ్ళ ఆచారం. అందాకా ఒడ్డుకు వీపు పెట్టి కూర్చోవాల్సిందే. ఇప్పుడు ముసలాయన కళ్ళకు పొర కమ్ముతోంది. ఆ ఉదయం చోటు దొరకడానికి మూడు చుట్లు తిరిగారు.

"ఇంకో నెలకి నాకిది దొరకదురా అల్లుడా. ఇవాళ తేల్చెయ్."

యాభై బారల దారం దిగింది. ఆక్టోపస్ కాలు ఎర. కాసేపటికి అడుగున ఏదో తడిమింది.

"తగిలింది మామా!"

"గుంజకు! పెళ్ళినాడూ ఇలాగే తొందరపడి ఎవరివో చెప్పులు వేసుకొచ్చావు. దాన్ని ఎర మింగి తిరగనీ. బరువు తెలిశాక లాగు."

బరువు తెలిసింది. లాగాడు. మొదటి అయిదు బారల్లోనే ఎవరి గెలుపో తేలిపోతుంది. మూడో బారకే చేప రాతిబొరియలో దూరి బిగుసుకుంది. వేళ్ళకు చుట్టిన సైకిలు ట్యూబు ముక్కలు వేడెక్కాయి.

"వదులు! తెంపుతావురా! దారం జారవిడిచి ఊరుకో. గండం గడిచిందనుకుని అదే బయటికొస్తుంది."

"ఎంతసేపు?"

"దాని ఇష్టం. నీది కాదు."

రెండుసార్లు చెయ్యి దారం మీదికి పోయింది. రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాడు. చివరికి దారాన్ని కాలి బొటనవేలి మీద వేసుకుని, కొబ్బరిచిప్పతో పడవలో నీళ్ళు తోడసాగాడు. తోడటానికి నీళ్ళు లేవు. సముద్రంలోంచి ముంచి పడవలో పోసి, మళ్ళీ బయటికి తోడాడు.

"ఏం చేస్తున్నావురా?"

"చేతులకి పని చెబుతున్నా మామా."

ఎండ నీళ్ళ మీద ముక్కలు ముక్కలుగా వణికింది.

అప్పుడు వేలి మీద దారం మెల్లగా, ఊపిరిలా కదిలింది.

చిప్ప ఎగిరి పడింది. ఒక్క బిగిన అయిదు బారలు లాగాడు. చేప ఉరికితే దారం వదిలాడు, అలిస్తే లాగాడు. ఇరవై బారల్లోకి వచ్చేసరికి పొట్ట గాలితో ఉబ్బి, దానంతటదే తేలి, కుండంత నోరు తెరిచి పడవ పక్కన పడుకుంది.

జఫారు దాన్ని తల నుంచి తోకదాకా అరచేత్తో తడిమాడు.

"ఇక ఇటు తిరుగు."

నాలుగేళ్ళలో మొదటిసారి సదార్ అక్కడినుంచి ఒడ్డు చూశాడు.

"మసీదు గుమ్మటం చూడు. దాని వెనకాల కొండ మీది నొక్కు. రెండూ ఒక వరసలో ఉన్నాయా?"

"ఉన్నాయి మామా... లేదు, విడిపోతున్నాయి. పడవ కొట్టుకుపోతోంది."

"మరి చూస్తావేంరా? త్వరగా తెడ్డెయ్!" అన్నాడు ముసలాయన, అల్లుణ్ణి మొదటిసారి తొందరపెడుతూ.