శాంతమ్మ కడిగిన పంపు

సహోదరులారా, నా భార్య శాంతమ్మ తన మీద పడిన నింద తొలగకుండానే కన్నుమూసింది. ఆ చీకటి రోజుల గురించి చెబుతాను, ఎవరికైనా కష్టంగా అనిపిస్తే అనిపించనివ్వండి.

నేను బడికి పోలేదు. గోడల మీద రాతలూ ఆ తర్వాత బైబిల్ వాక్యమూ కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను, అందుకే ఏ మాటనైనా నమిలి గానీ మింగను. తీర్పు అనే మాటని మా పల్లెలో చులకన చేశారు. టీ కొట్టు దగ్గరా తీర్పే, కల్లంలో మిరపకాయలు ఏరుకుంటూ తీర్పే. అది తీర్పు కాదయ్యా, నింద. నిందకి నోరుంటే చాలు, తీర్పు చెప్పేవాడికి చెవులుండాలి.

నేను సత్తెనపల్లి వైపు మిరప చేలల్లో కూలికి మందు కొట్టేవాణ్ణి. వీపున తగిలించుకుని కొట్టే పంపు మాది, మందూ నీళ్ళూ కలుపుకునే డ్రమ్మూ రైతువి. పని అవగానే శాంతమ్మ పంపుని సబ్బేసి కడిగి ఎండలో బోర్లించేది. ఆ ఏడు వేరేవాళ్ళ పొలంలో కలుపు మందు కొట్టాక, అదే పంపుతో మా తమ్ముడు యోహాను చేలో పురుగు మందు కొట్టాను. వారం తిరక్కుండానే ఆకు ముడుచుకుపోయి, పూత రాలిపోయి, చేనంతా మాడింది. కలుపు మందు తగిలిందని చూసిన ప్రతివాడూ అన్నాడు. యోహాను మా వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు.

"ఏం వదినా, కలుపు మందు కొట్టిన పంపు కడక్కుండానే పంపావా? నా చేనే దొరికిందా నీకు?"

"నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగానయ్యా యోహానూ."

"కడిగితే చేను ఎట్టా మాడింది? దయ్యాలొచ్చి మాడ్చాయా?"

సంఘ పెద్దలు కూర్చున్నారు. మమ్మల్ని ఒక్క మాట అడక్కుండానే, తప్పు ఒప్పుకునేదాకా మీరిద్దరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి రావద్దన్నారు, ఆ బల్ల ఏదో వాళ్ళ ఇంటి అరుగైనట్టు.

ఆ ఎండాకాలం శాంతమ్మకి కామెర్లు వచ్చాయి. మంచంలో పడుకుని, "ఏమయ్యా, గొట్టంలో ఏమన్నా మిగిలిపోయిందేమో, నేను చూసుకోలేదేమో" అనేది. నువ్వు బాగానే కడిగావే అంటే తలూపేది, కాసేపటికి మళ్ళీ అదే అడిగేది. అలా అడుగుతూనే పోయింది. తమ్ముడు గుప్పెడు మట్టి వేయడానికి కూడా రాలేదు.

నేను ప్రార్థన మానేశాను, ముద్ద దిగేది కాదు, తమ్ముడి గొంతు వినబడితే ఒళ్ళు మండేది. చివరికి ఆమె బోర్లించి వెళ్ళిన పంపు ముందే మోకరించి, "ప్రభువా, మా మాట వీళ్ళు వినలేదు, నువ్వన్నా విను. ఈ పగ నన్ను తినేస్తోంది, దీన్ని తీసెయ్యి" అని ఏడ్చాను.

మరుసటి పంటకి యోహాను వేరే మనిషిని, వేరే పంపుని పెట్టుకున్నాడు. చేను మళ్ళీ అలాగే మాడింది. మారనిది వాడి డ్రమ్మొక్కటే. పత్తి చేను గట్లకి కలుపు మందు కలిపిన డ్రమ్ములోనే రెండేళ్ళూ మిరపకీ మందు కలిపాడు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మాడిన చేను చూసి, అయ్యో, వాడి రెక్కల కష్టం పోయిందే అనుకున్నాను. పగ నన్ను వదిలిందని నాకు అప్పుడే తెలిసింది. దేవునికే మహిమ.

యోహాను నా గడప దగ్గరికొచ్చి, "అన్నా, తప్పైపోయింది" అన్నాడు.

"నాతో కాదురా, మీ వదినతో చెప్పు" అన్నాను. పెద్దలు బల్లకి రమ్మని కబురంపితే వాళ్ళకీ అదే చెప్పాను.

సమాధుల పండుగనాడు ఆమె సమాధికి సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించాను. పెద్దలందరూ వచ్చారు. యోహాను చెప్పులు విడిచి, "వదినా, నువ్వు పంపు శుభ్రంగానే కడిగావు" అన్నాడు.

నింద మోస్తున్న సహోదరుడా, సహోదరీ, దేవుని నమ్ము, నీ మాట ఆయన వింటాడు, నన్ను విడిపించిన చేతులు నిన్నూ విడిపిస్తాయి. నింద వేసినవారు మీలో ఎవరైనా ఉంటే, ఈ ఆరాధన ముగిసేదాకా ఆగకండి, లేచి వెళ్ళండి. నా శాంతమ్మ వినకుండా పోయిన ఆ ఒక్క మాట, బతికున్న మనిషికి చెప్పండి.