బావ బయోడేటాలో నేను తీసేసిన మాట

మహారాష్ట్రలోని మా చంద్రపూర్ బజారులో బేరమాడి నన్ను ఓడించినవాడు ఇంతవరకు లేడు; అట్లాంటి నేను సొంత బావను ఒకే ఒక్క వాక్యంతో, ఎవరూ అడగకముందే, అమ్మేశాను. మొన్న మేనకోడలు ఫోనులో తన బయోడేటా తెచ్చి, పైన ఎలాంటి పని కావాలో చెప్పే 'ఆబ్జెక్టివ్' కింద ఏం రాయాలని అడిగినప్పటి నుంచి అదే గుర్తుకొస్తోంది.

మాది కిరాణా దుకాణం ఇల్లు. తనకేం కావాలో ముందు చెప్పినవాడే బేరంలో మునుగుతాడని నాన్న మాకు అక్షరాలకంటే ముందే నేర్పాడు. ఆ తెలివితోనే దుకాణం అరుగు మీద టైపు మిషను పెట్టుకుని, బల్లార్‌పూర్ నుంచీ భద్రావతి నుంచీ పనికోసం వచ్చేవాళ్లందరికీ ఒకే ఆబ్జెక్టివ్ కొట్టి ఇచ్చేవాణ్ణి: ఏ పనైనా, ఎక్కడైనా, ఏ షిఫ్టులోనైనా చేయగలను. మన ఈడువాళ్లలో ఎంతమంది ఆ కాగితం పట్టుకుని తిరిగారో!

మా అక్క భర్త కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే వైండింగు పనిలో చెయ్యి తిరిగినవాడు, కానీ చిన్నప్పటి నుంచీ ఆయాసం మనిషి. వర్క్‌షాపులో వైండింగు పని కావాలి, దుమ్ములో చేయలేను అని మరాఠీలో రాసుకుని వచ్చాడు. చదివి నవ్వాను.

"కొనేటోనికి మన బీమారి ముందే చెప్తవా బావా? గిట్ల రాస్తే ఎవడు పిలుస్తడు?"

"నాకు దుమ్ము పడదు గద బామ్మర్దీ."

"ముందుగాల లోపలికి పో, తర్వాత అడుగు."

"నీ తెలివి సంతల చూపియ్యిరా, ఈయన మీద కాదు," అంది అక్క. బావ మాత్రం తల ఊపాడు. ఒక పని పేరు రాస్తే మిగతా తలుపులు మూసుకుంటాయని, దుమ్ము మాటతో పాటు వైండింగు మాట కూడా తీసేశాను.

వారంలో ఒక కంత్రాటుదారు నుంచి పిలుపొచ్చింది. ఏ పనైనా అన్నాడు కదా అని కంత్రాటుదారు బావను బొగ్గు దించే చోట వేశాడు. వైండింగు సంగతి చెప్పుకుంటే, నేను కొట్టిన కాగితాన్నే బావకు చూపించాడట. మూడో ఎండాకాలానికి మంచం పట్టిన బావ వానలు రాకముందే పోయాడు. అక్క మా దుకాణం మెట్టు మళ్లీ ఎక్కలేదు.

మొన్న వచ్చిన మేనకోడలు ఆ బావ కూతురే. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన ఈ పిల్లకూ తండ్రి ఆయాసమే వచ్చింది. నీకేం కావాలో రాయి, ఏం పడదో అదీ రాయి అన్నాను.

"గట్ల రాస్తే పిలువరు మామా. అందరూ ఏ పనైనా చేస్త అనే పెడుతున్నరు."

నా పాఠాన్నే నాకు అప్పజెప్పింది. టైపు మిషన్లు పోయాయి, అరుగులూ పోయాయి. ఆనాడు నేను కష్టపడి కొట్టిన వాక్యాన్ని ఈనాడు ఫోనే అడగకుండా అందిస్తోంది. పిల్ల ఏం రాసుకుందో అడిగే ధైర్యం చేయలేదు.

నిజాయితీగా లెక్క తీస్తే ఇంతే: బావకు నేనిప్పించింది మూడేళ్ల పని. పోయింది ఒక మనిషి ఊపిరి, ఆయన చేతిలోని పనితనం, తండ్రి దగ్గు తప్ప గొంతు గుర్తులేని ఒక పిల్ల బాల్యం. బేరం బాగా కుదిరిందని, బావకు పిలుపొచ్చిన రోజు వీధంతా మిఠాయి పంచినవాణ్ణి కూడా నేనే.