రెండు జవాబుల మిత్రుడు

సఖినేటిపల్లి రేవులో అమ్మే టీలో పంచదార తప్ప ఇంకేమైనా వేస్తారా అని నాకు చాలాకాలంగా అనుమానం. ఆ టీ తాగుతూ, గోదావరి దాటించే పంటు కోసం ఎదురుచూసే రోజుల్లోనే మా మిత్రుడితో స్నేహమైంది. అవతలి గట్టున లా చదువుతూ, దానికి తోడు దూరవిద్యలో ఎంబీయే కూడా చేసేవారు. రొయ్యల చెరువు తవ్వినవాళ్ళు గట్టు మీద కొబ్బరి కూడా వేస్తారు. అదే పద్ధతిలో, ఒక చదువు దెబ్బతిన్నా ఇంకొకటి నిలబడుతుందని వాళ్ళ నాన్నగారు రెండింటిలోనూ చేర్పించారు. దాంతో ఏమడిగినా ఆయన రెండు జవాబులు చెప్పేవారు.

"టీ తాగుదామాండీ?" అన్నాను ఓసారి.

"ఆయ్, లా ప్రకారం అభ్యంతరం లేదండీ. ఎంబీయే ప్రకారం మీరు ఇప్పిస్తేనే మంచిదండీ."

ఇప్పించాను.

వాళ్ళ నాన్నగారు పోయాక పలకరించడానికి వెళ్ళాను. అన్నదమ్ములు కలిసి తవ్విన చెరువులో తమ్ముడి వాటా తనకు అమ్మేయమని అడగడానికి వాళ్ళ పెదనాన్నగారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నాన్నగారు బతికున్నన్నాళ్ళూ తెప్ప మీద తిరిగి, తన చేత్తో మేత చల్లిన చెరువది.

"ఏం చెప్పమంటావురా?" అని వాళ్ళమ్మగారు లోపల మా మిత్రుణ్ణి అడిగారు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "లా ప్రకారం మన వాటా మనదేనమ్మా, ఇవ్వక్కర్లేదు. ఎంబీయే ప్రకారమైతే, రేటున్నప్పుడే ఇచ్చేయడం నయం."



"నీ చదువులు చెప్పింది విన్నాన్రా. నేనడిగింది నా కొడుకుని."