కొత్త తువ్వాలు

సండూరు నుంచి బళ్లారిలో రైలెక్కడానికి పోతుంటే, ఊరు దాటగానే కారు డ్రైవరు రాజన్న గబుక్కున బ్రేకు వేశాడు. దిగి చూస్తే చక్రం కింద నాగుపాము నలిగి చచ్చిపోయి ఉంది.

రైలుకు టైమవుతోందన్నాను.

"దీన్ని ఇట్లే ఇడిసిపెట్టి యాడికి పోయేదప్పా?" అంటూ పామును తన కొత్త తువ్వాల్లో చుట్టి, రోడ్డు పక్కన ఎండుపుల్లలు పేర్చి అంటించాడు. ఖనిజం లారీలు మా మీద ఎర్రదుమ్ము పోసి పోతున్నాయి. నేను మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకుంటున్నాను.

అంతలో మెసేజ్ వచ్చింది. హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర పెంపుడు జంతువుల షాపుంది, ఊరూరా బ్రాంచీలున్న కంపెనీది. అక్కడ అద్దాల పెట్టెలో ఓ విదేశీ కొండచిలువ, దాక్కునే చోటు లేక, మురికినీళ్లలో పడి ఉంటుంది. ఊడని కుబుసం కళ్లకు అతుక్కుపోయింది. నా ఫిర్యాదుకు ఇప్పుడొచ్చింది జవాబు: "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు."

రాజన్నకు ఆ కొండచిలువ ఫోటో చూపించాను.

"బతికే ఉండాదా?"

"ఉంది."

"ఆ అంగడోళ్లకి భయం లేదా?"

"భయమెందుకు? అది విషప్పాము కాదు."

"కరుస్తాదని కాదప్పా. దాని ఉసురు తగలదా?"

మంట ఆరేదాకా అతను కదల్లేదు.

రైలు ఎలాగో అందింది. సీట్లో కూర్చోలేక, తలుపు దగ్గర నిలబడి మళ్లీ ఫిర్యాదు పెట్టబోయాను. కంపెనీ యాప్ దేని గురించో ఎంచుకోమంది: బిల్లు, డెలివరీ, సిబ్బంది. ఉసురుకు అందులో చోటు లేదు.