మిర్యాలగూడ సేటు కారులో వేడి గాలి

1976 ఏప్రిల్‌లో నన్ను జూనియర్ మెకానిక్‌గా సూర్యాపేట సర్వీసు డిపోకు వేశారు. డిపోలో ఇద్దరమే ఉండేవాళ్లం, సీనియర్ మెకానిక్ ఒకరు, నేను. హోటళ్లలో వాటర్ కూలర్లు, సోడా దుకాణాల ఐసు పెట్టెలు, దవాఖానాల్లో మందుల ఫ్రిజ్‌లు మా పని. కారు ఏసీ అంటారా, ఆ చుట్టుపక్కల నాకు తెలిసి ఒక్కటే ఉండేది. మిర్యాలగూడలో రైసు మిల్లు నడిపే వీరయ్య సేటు గారి అంబాసిడర్‌లో బొంబాయి వాళ్లు బిగించి ఇచ్చినది.

మే మొదట్లో అది వేడి గాలి కొడుతోందని కబురొచ్చింది. సీనియర్ గారు కోదాడలో ఐసు ఫ్యాక్టరీ పని మీద ఉన్నారు. నాకు ఆ రోజు సెలవు. అయినా నేనే వెళ్లాల్సి వచ్చింది. ఒక పెద్దమనిషి చల్లగా తిరగడానికి నా సెలవు పోయిందని దారంతా విసుక్కున్నాను.

కారు ఏసీలో ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ గ్యాసును ఒత్తి పంపుతుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో అది వేడి వదిలి ద్రవమవుతుంది. డాష్‌బోర్డు కింది కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతూ కారులోని వేడిని లాగేస్తుంది. తిరిగేది ఎప్పుడూ ఆ గ్యాసే. పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. దాని దారిలో ఒక చిన్న గాజు కన్ను పెడతారు. గ్యాసు సరిపడా ఉంటే అందులో ఏమీ కనిపించదు, తగ్గితే బుడగలు పరుగెడతాయి.

నేను చూసినప్పుడు బుడగలు కనిపించాయి. ఒత్తిడి కొలిచే గేజీలు తగిలిస్తే రెండు ముళ్లూ ఉండాల్సిన చోటికి చాలా కిందే ఆగాయి. గ్యాసు తక్కువని తేలింది. నింపే ముందు లీకు వెతకాలన్నది మా నియమం. అందుకు ఒక దీపం ఉండేది. గ్యాసు తగిలితే దాని నీలి మంట ఆకుపచ్చగా మారుతుంది. గ్యాసు సిలిండరుకు తోడు అదీ మోయలేక డిపోలోనే వదిలి వెళ్లాను. కండెన్సర్ దగ్గర రాగి పైపు నట్టు కింద నూనె మరక కనిపించింది. ఇంజను నూనె అనుకుని గుడ్డతో తుడిచేశాను. గ్యాసుతో పాటు కంప్రెసర్ నూనె కూడా బయటికొస్తుందని చదువుకున్నవాణ్ణే. గ్యాసు నింపాక చల్లగాలి వచ్చింది. రిపోర్టులో "పనిచేయుచున్నది" అని రాసి సాయంత్రం బస్సు అందుకున్నాను.

అయిదో రోజు, మళ్లీ వేడి గాలేనని సేటు గారి దగ్గర్నుంచి ట్రంకాల్ వచ్చింది. సీనియర్ గారు లీకు దీపం తీసి నా చేతికిచ్చారు.

మిల్లు గేటు దగ్గర డ్రైవర్ యాదగిరి ఎదురొచ్చాడు. అతని ముఖంలో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

"నల్లగొండ దాటంగనే వేడి గాలి మొదలైంది, మెకానిక్ సాబ్. ఎన్క సీట్ల కమ్లి ఉన్నది. ఒళ్లంత నిప్పు లెక్క కాలవట్టింది. దుప్పటి తడిపి కప్పుకుంట, నీళ్లు తాపుకుంట ఎట్లనో వాపస్ తెచ్చిన."

కమ్లి ఎవరని అడిగాను.

మిల్లులో వడ్లు ఉడికించే చోట పనిచేసే తండా మనిషి అని యాదగిరి చెప్పాడు. కిందటేడు ఆవిరి పైపు ఊడి ఆమె వీపు, మెడ, చేతులు కాలిపోయాయి. పుండ్లు మానాయి కానీ ఆ చర్మానికి చెమట పట్టదు, వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. కుడిచేతి వేళ్లు అరచేతికి అతుక్కుపోయాయి. వాటిని విడదీయడానికి హైదరాబాదు డాక్టర్లు ఆపరేషన్ పెట్టారు. ఎండాకాలం ఆమెను బస్సులో తీసుకురావద్దని ముందే హెచ్చరించారట.

ఇంతలో సేటు గారు బయటికొచ్చారు. "నా కోసమైతే నిన్ను పిలిచేటోన్నే కాదు బిడ్డా. నా మిల్లుల కాలింది ఆ పిల్ల. ఎల్లుండి గిట్ల పోకపోతే డాక్టరు మల్ల రెండు నెలలకు గాని దొరకడు," అన్నారు. గొంతు పెంచలేదు. నేను తలెత్తలేకపోయాను.

కారును గాలి తగలని షెడ్డులోకి తోయించాను. పరీక్షకు సరిపడా కొద్దిగా గ్యాసు ఎక్కించి, దీపం వెలిగించి ఒక్కో అతుకూ చూశాను. నేను మరక తుడిచిన నట్టు దగ్గర మంట మారలేదు. పైపును చేత్తో కదిలించాను. మంట ఆకుపచ్చగా మారింది. వెంట్రుకంత పగులు, బండి అదిరినప్పుడే తెరుచుకుంటోంది. పైపు చివర కోసి, అంచు కొత్తగా విప్పార్చి, నట్టు బిగించాను. మళ్లీ అదరకుండా రబ్బరు పట్టీతో కట్టాను. పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి రెండు గంటలు ఆగితే గేజీ ముల్లు కదల్లేదు, అంటే ఇక లీకు లేదు. ఆ తర్వాతే గ్యాసు నింపాను.

ప్రయాణం రోజు కమ్లి కారు దగ్గర ఆగిపోయింది. మెడ మీది మచ్చలు కనిపించకుండా కొంగు కప్పుకుంది.

"మల్ల వేడి గాలి రాదు గద, అన్నా?"

 "నేను గూడ వస్తున్నమ్మా," అని ముందు సీటులో కూర్చున్నాను. గాలి వచ్చే చోట థర్మామీటర్ పెట్టుకుని, నల్లగొండ దాటేదాకా దాని మీదినుంచి కళ్లు తీయలేదు. పాదరసం లేవలేదు. నార్కట్‌పల్లి దగ్గర వెనక నుంచి చిన్నగా గొంతు వినిపించింది.

"అన్నా, జర తగ్గియ్యవా. సలి పెడుతున్నది."

యాదగిరి నవ్వాడు. నేను మీట తగ్గించి కిటికీ వైపు తిరిగాను. కళ్లు తుడుచుకోవడం అతను చూడకూడదని.

రెండు నెలలు వాయిదా పడకుండా ఆపరేషన్ జరిగింది. ఆగస్టులో మిల్లుకు వెళ్లినప్పుడు కమ్లి ఆ కుడిచేత్తోనే నాకు మంచినీళ్ల గ్లాసు అందించింది. చిటికెనవేలు ఇంకా పూర్తిగా చాచలేకపోతోంది.

రెండో రిపోర్టులో, మొదటిసారి లీకు వెతకలేదని నేనే రాశాను. సీనియర్ గారు చదివి సంతకం పెట్టి పైకి పంపారు. పై ఆఫీసు నుంచి మందలింపు వచ్చింది. అది న్యాయమే. గ్యాసు తగ్గిందంటే ఎటో పోతోందని అర్థం. ఆ దారి మూయకుండా నింపితే జబ్బును నాలుగు రోజులు దాచినట్టే. ఫిర్యాదు వచ్చినప్పుడు యంత్రం ఏదని అడిగాక, దాన్ని వాడేది ఎవరని కూడా అడగడం అప్పటినుంచి నాకు పద్ధతి అయింది.